తీరప్రాంత తుపాను రక్షణ పథకాలు: ప్రభుత్వ ఆమోదం

తుపాను, ఉప్పెన, సముద్రపు కోతల నుంచి తీరగ్రామాలను కాపాడటానికి ప్రభుత్వం చేపట్టే నిర్మాణాలను తుపాను రక్షణ పథకాలు అంటారు. సముద్ర కరకట్టలు, తుపాను షెల్టర్లు, ఆ షెల్టర్లకు చేర్చే రోడ్లు, వంతెనలు, తీరం వెంట రక్షణ గోడలు, మడ అడవులు, సరుగుడు తోటలు, హెచ్చరిక వ్యవస్థలు, భూగర్భ విద్యుత్ కేబుళ్లు అన్నీ వీటిలోకే వస్తాయి. ఆమోదం అంటే ఒక మంత్రి సంతకమో, ఒక జీవోనో అనుకుంటే పొరపాటు. రాష్ట్రం, కేంద్రం, పర్యావరణ శాఖ, అటవీ శాఖ, అప్పిచ్చే బ్యాంకు ఒక్కొక్కరూ విడివిడిగా సరే అనాలి. ఈ వరుసలో ఎవరు ఆగినా పని ఆగుతుంది. ఆంధ్ర తీరం అనుభవంలో మరో సంగతి కూడా కనిపిస్తుంది. పెద్ద మంజూరులు చాలావరకు పెద్ద ప్రాణనష్టం తరవాతే వచ్చాయి. ముందుచూపుతో మొదలైన పథకానికేమో ఏళ్లు పట్టింది.

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. వంపులన్నీ కలిపి మళ్లీ కొలిచాక అది సుమారు 1,053 కిలోమీటర్లని కేంద్రం లెక్క తేల్చింది. ఈ తీరంలో కృష్ణా, గోదావరి డెల్టాలు మిగతా చోట్ల కంటే పల్లం. సముద్రం అక్కడ లోతు తక్కువగా, వాలు మెల్లగా ఉంటుంది. గాలి నెట్టుకొచ్చిన నీరు వెనక్కి జారే వీలులేక పైకి లేచి ఊళ్ల మీద పడుతుంది. గాలి ఇళ్ల కప్పులు లేపుతుంది, చెట్లు కూలుస్తుంది. చరిత్రలో వేలమందిని చంపింది మాత్రం ఉప్పెన నీరే. అందుకే ఈ తీరంలో రక్షణ పథకం అనగానే ముందు ఎత్తైన కట్ట, ఎత్తైన భవనం గుర్తొస్తాయి.

ఉప్పెనల వెంట ఉత్తర్వులు

1839 నవంబరులో గోదావరి ముఖద్వారం దగ్గర ఓడరేవుగా వెలిగిన కోరంగిని ఉప్పెన తుడిచిపెట్టింది. 1864 నవంబరు 1న బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని నాటి రికార్డులు చెబుతాయి. వలస ప్రభుత్వం నష్టం లెక్క రాసింది, సహాయం పంచింది. ఊళ్లను కాపాడే శాశ్వత నిర్మాణం తన బాధ్యత అని ఆనాటి ప్రభుత్వం అనుకోలేదు. గోదావరికి ధవళేశ్వరం దగ్గర, కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్టలు కట్టించిన ప్రభుత్వమే అది. ఆనకట్ట మీద శిస్తు వస్తుంది. ఉప్పెన కట్ట మీద పైసా రాదు.

స్వతంత్ర భారతంలో ఆలోచన మారింది గాని వేగం మారలేదు. 1969లో రెండు తుపానులు తాకిన తరవాత ఆంధ్రప్రదేశ్ కోసం తుపాను నష్ట నివారణ కమిటీ ఏర్పడింది. భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న పి.కోటేశ్వరం దానికి అధ్యక్షుడు. ఆ తరవాత ఒడిశాకు, పశ్చిమ బెంగాల్‌కు కూడా ఇలాంటి కమిటీలు వేశారు. 1974లో విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం మొదలైంది. తీరం వెంట ఊరూరా ఎత్తైన ఆశ్రయం మాత్రం ఇంకా లేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి కిలోమీటర్ల లోపలికి నడిచింది. అధికారిక లెక్క 10,000 దరిదాపు. అంతకంటే చాలా ఎక్కువని స్థానికులు ఇప్పటికీ అంటారు. నాడు ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు రాష్ట్ర మంత్రి. హెచ్చరిక లేక కాదు, అది ఊరి చివరి పాకదాకా చేరక, చేరినా ఎక్కడికి పోవాలో తెలియక జనం పోయారు. ఆ తరవాతే షెల్టర్ల నిర్మాణం, సరుగుడు తోటల పెంపకం, సముద్ర కరకట్టల పని పెద్ద ఎత్తున మంజూరయ్యాయి. పాలకాయతిప్ప దగ్గరి కరకట్టను దివిసీమ రైతులు ఈనాటికీ ప్రాణాధారంగానే చూస్తారు. తుపాను కబురు వచ్చిన ప్రతిసారీ మొదట ఆ కట్ట బలహీనంగా ఉన్నచోట్ల సంగతే వార్తల్లోకి ఎక్కుతుంది.

1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు. మృతులు 967 మంది. పదమూడేళ్ల తేడాతో ఒకే డెల్టాను తాకిన రెండు తుపానుల మధ్య ఇంత తేడా రావడానికి షెల్టర్లే కారణమనలేం. ఉపగ్రహ చిత్రాలు, రాడార్లు, కలెక్టరేట్ల అనుభవం, 1977ను కళ్లారా చూసిన జనం భయం కలిసి పనిచేశాయి. అయితే తరలించిన మనిషిని నిలబెట్టడానికి ఒక చోటు ఉండాలి. ఆ చోటును సమకూర్చింది మునుపటి పదేళ్ల మంజూరులే.

1990 తరవాత ప్రపంచ బ్యాంకు అప్పుతో పునర్నిర్మాణ పథకం నడిచింది. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడిన తుపానులో వెయ్యికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి తిరిగిరాని జాలరులు వందల్లో ఉన్నారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మరుసటి ఏడాదే ప్రపంచ బ్యాంకు సాయంతో విపత్తుల తగ్గింపు, తుపాను పునరుద్ధరణ పథకానికి ఆమోదం దొరికింది.

జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం

తుపాను వచ్చాక కాకుండా రాకముందే కట్టాలన్న ఆలోచనతో మొదలైన పెద్ద పథకం ఇది. కేంద్ర హోంశాఖలో రూపుదిద్దుకున్న ప్రతిపాదన 2006లో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ చేతికి వచ్చింది. విపత్తు నిర్వహణ చట్టం అంతకు ముందు ఏడాదే అమల్లోకి రావడంతో ఈ మార్పు సహజమే. తీరమున్న 13 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలను ముప్పు తీవ్రతను బట్టి రెండు వర్గాలుగా విడదీశారు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, తమిళనాడు, పశ్చిమ బెంగాల్, గుజరాత్ ఎక్కువ ముప్పున్న వర్గంలోకి వచ్చాయి.

ప్రపంచ బ్యాంకు బోర్డు 2010 జూన్‌లో దీనికి సరే అంది. కేంద్ర మంత్రివర్గం 2011 జనవరిలో ఆమోదించింది. అప్పిచ్చేవాడు ముందు, ఇంటి యజమాని తరవాత అన్నమాట. మొదటి దశకు ఆంధ్రప్రదేశ్, ఒడిశాలనే తీసుకున్నారు. అంచనా రూ.1,496.71 కోట్లు. అందులో బ్యాంకు అప్పు 25.5 కోట్ల డాలర్లు. పథకంలో నాలుగు భాగాలున్నాయి: చివరి గ్రామం దాకా హెచ్చరిక చేర్చడం, ముప్పు తగ్గించే నిర్మాణాలు, సాంకేతిక సహాయం, నిర్వహణ. డబ్బు ఎక్కువగా పోయేది రెండో భాగానికి. షెల్టర్లు, వాటి రోడ్లు, వంతెనలు, ఉప్పునీటి కట్టలు అందులోవే. ఆ ఖర్చులో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం భరించాలి. మిగతా భాగాలు పూర్తిగా కేంద్రానివి.

అయిదేళ్లలో ముగియాల్సిన మొదటి దశ 2018 డిసెంబరు దాకా సాగింది. మధ్యలో 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని తరలించడంతో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. దాంతో ఈ రకమైన ఖర్చు మీద కేంద్రానికి నమ్మకం పెరిగింది. మొదటి దశ అంచనా రూ.2,500 కోట్లు దాటింది. 2015 జులైలో గోవా, గుజరాత్, కర్ణాటక, కేరళ, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్‌లకు రూ.2,361.35 కోట్లతో రెండో దశ మంజూరైంది.

షెల్టర్‌ను బహుళ ప్రయోజన భవనంగా కట్టడం ఈ పథకంలోని మంచి ఆలోచన. స్తంభాల మీద లేపిన భవనం, పైకి వెళ్లడానికి ర్యాంపు, తుపాను లేని రోజుల్లో బడి గానో సమావేశ మందిరంగానో వాడకం, ఊరివాళ్లతో నిర్వహణ కమిటీ. వాడకంలో ఉన్న భవనం తలుపు తుప్పు పట్టదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోనక్కర్లేదు. దివిసీమ కాలపు షెల్టర్లలో చాలావాటికి పట్టిన గతి చూశాకే ఈ తెలివి వచ్చింది. వాటిని కట్టడానికి మంజూరిచ్చిన ఉత్తర్వుల్లో సున్నం వేయడానికి, కప్పు బాగుచేయడానికి పద్దు లేదు.

ఫైలు నడిచే దారి

ఒక సముద్ర కరకట్టను పెంచాలనుకుందాం. జలవనరుల శాఖ ఇంజనీర్లు సర్వే చేసి సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అందరూ అనే మాటలో డీపీఆర్, తయారు చేస్తారు. ఎంత ఎత్తు కట్టాలన్నదే అందులో కీలకం. వందేళ్లకోసారి వచ్చే ఉప్పెనను లెక్కలోకి తీసుకుంటే ఒక ఖర్చు, యాభై ఏళ్లకోసారి వచ్చేదాన్ని తీసుకుంటే మరో ఖర్చు. ఇక్కడ తగ్గించిన అడుగు తరవాత ఎవరి ప్రాణానికి వస్తుందో డీపీఆర్‌లో రాయరు.

ఆర్థిక శాఖ ఒప్పుకున్నాక ప్రభుత్వం జీవో ఇస్తుంది. అది పాలనా ఆమోదం. ఈ పని చేయవచ్చు, ఇంత దాకా ఖర్చు పెట్టవచ్చు అన్న అనుమతి మాత్రమే. ఆపై చీఫ్ ఇంజనీరు స్థాయిలో సాంకేతిక మంజూరు, తరవాత టెండరు. పాలనా ఆమోదం రాగానే శంకుస్థాపన జరుగుతుంది, పత్రికల్లో ఫొటో వస్తుంది. బడ్జెట్‌లో విడుదల లేకపోతే శిలాఫలకమే మిగులుతుంది.

దీనికి సమాంతరంగా పర్యావరణ అనుమతులు నడవాలి. 1991 ఫిబ్రవరిలో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద తీరప్రాంత నియంత్రణ మండలం (జోన్) నోటిఫికేషన్ వచ్చింది. అందరూ సీఆర్‌జెడ్ అనేది దీన్నే. పోటు గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా ఏం కట్టవచ్చో, ఏం కట్టరాదో అది చెబుతుంది. 2011లో ఒకసారి, 2019లో మరోసారి దాన్ని కొత్తగా రాశారు. మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకతిన్నెలు గట్టి రక్షణ ఉన్న మొదటి వర్గంలోకి వస్తాయి. కోత నివారణ పనులకు నియమాలు దారి ఇస్తాయి గాని, శాస్త్రీయ అధ్యయనం చూపాలి. రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థ పరిశీలించి సిఫారసు చేయాలి. కట్ట రిజర్వు అడవిని తాకితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి. కోరంగి, కృష్ణా అభయారణ్యాల్లో అడుగుపెడితే వన్యప్రాణి మండలి గడప కూడా ఎక్కాలి. పట్టా భూమి కావాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది. ప్రపంచ బ్యాంకు డబ్బయితే వీటన్నిటిపైన బ్యాంకు సొంత పర్యావరణ, సామాజిక నిబంధనలు.

ఇంత తతంగం ఎందుకని విసుక్కునేవారు ఉప్పాడ వెళ్లి చూడాలి. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఈ నేతన్నల, జాలరుల ఊరిని సముద్రం దశాబ్దాలుగా కోస్తోంది. ఇళ్లు, గుళ్లు, కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు అలల పాలయ్యాయి. కారణాలు ఒకటి రెండు కావు. గోదావరి మోసుకొచ్చే ఇసుకకు ఆనకట్టలు అడ్డం పడ్డాయి. నది వదిలిన మట్టితో పెరిగిన హోప్ ద్వీపం కాకినాడ రేవుకు కవచమైంది. ఆ కవచం దాటి ఉత్తరానికి రాగానే అలల శక్తి ఉప్పాడ ఒడ్డు మీద పడుతుంది. అక్కడ రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ వేశారు. తుపానులు వాటినీ చీల్చాయి. గోడ కట్టిన చోట ఒడ్డు నిలిచినా, దాని చివర మొదలయ్యే పక్క గ్రామానికి కోత ఎక్కువవుతుంది. ఒక ఊరికి ఇచ్చిన అనుమతి పక్క ఊరికి శిక్ష కాకుండా చూడటానికే అధ్యయనం అడిగేది. ఆచరణలో ఆ అధ్యయనం తుపాను తరవాత హడావిడిగా పోసే బండరాళ్లకు అడ్డురావడం అరుదు. అత్యవసర పని పేరుతో అవి ఎప్పుడూ ముందే పడిపోతాయి.

విశాఖ ఆర్కే బీచ్‌లో వేరే దారి పట్టారు. రేవులో తవ్విన ఇసుకను తెచ్చి తీరంలో పోస్తారు. ఏటా చేయాల్సిన పని కనుక ఒక్కసారి మంజూరుతో తీరదు, ప్రారంభోత్సవానికీ పనికిరాదు.

హుద్‌హుద్ నేర్పిన వేగం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ నగరం మీద తీరం దాటింది. వేల కరెంటు స్తంభాలు విరిగాయి. నగరం రోజుల తరబడి చీకట్లో, నీళ్లు లేక గడిపింది. రాష్ట్రం వేసిన నష్టం అంచనా రూ.21,000 కోట్లకు పైన. ప్రధాని వచ్చి రూ.1,000 కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. అక్కడి నుంచి ఎనిమిది నెలల్లో, 2015 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ పథకానికి ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు ఆమోదించింది. విశాఖలో విద్యుత్ తీగలను భూగర్భ కేబుళ్లుగా మార్చే పని ఇందులో ప్రధానమైనది. షెల్టర్లు, గ్రామీణ రోడ్లు, తీరం పునరుద్ధరణ కూడా ఉన్నాయి.

జాతీయ పథకానికి ఏళ్లు, దీనికి ఎనిమిది నెలలు. మొదటిదానిలో నష్టం కాగితం మీది అంచనా. రెండోదానిలో కూలిన విమానాశ్రయ కప్పు టీవీలో కనిపిస్తోంది. దెబ్బతిన్నది దివిసీమ పాకలు కాదు, పరిశ్రమలున్న మహానగరం అన్నది కూడా లెక్కలోకి వచ్చే ఉంటుంది. మరో నాలుగేళ్లకు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను నేలకూల్చింది. పరిహారం వచ్చింది. విశాఖకు జరిగినంత పెద్ద పునర్నిర్మాణం ఉద్దానానికి దక్కలేదు.

డబ్బు కొత్త దారి

15వ ఆర్థిక సంఘం సిఫారసుతో విపత్తు వచ్చాక ఇచ్చే నిధికి, రాకముందు పెట్టే నిధికి స్పష్టమైన విభజన జరిగింది. 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతం ముప్పు తగ్గింపునకే వాడాలన్నారు. జాతీయ విపత్తు తగ్గింపు నిధికి రూ.13,693 కోట్లు కేటాయించి, అందులో కోత నివారణకు రూ.1,500 కోట్లు విడిగా చూపారు. కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి మరో రూ.1,000 కోట్లు. సముద్రం మింగిన ఇంటిని తుపాను నష్టంగా లెక్కించని పాత పద్ధతికి ఇది కొంత దిద్దుబాటు. కాని ఆ కోత నిధి నది గట్లకు, సముద్ర తీరానికి కలిపి దేశం మొత్తానికి. బ్రహ్మపుత్ర పక్కన అస్సాం కూడా అక్కడే చేయి చాస్తుంది.

ఇతర దేశాల్లో

అమెరికాలో హరికేన్ రక్షణ పథకాలను సైన్యపు ఇంజనీర్ల విభాగం అధ్యయనం చేస్తుంది, కాంగ్రెస్ చట్టం ద్వారా అనుమతిస్తుంది. అనుమతి ఒక చట్టం, డబ్బు మరో చట్టం. 1965లో బెట్సీ హరికేన్ న్యూ ఆర్లియన్స్‌ను ముంచగానే అదే ఏడాది పాంచర్‌ట్రైన్ సరస్సు రక్షణ పథకానికి కాంగ్రెస్ అనుమతిచ్చింది. నలభై ఏళ్లకు, 2005లో కత్రినా వచ్చేనాటికి అది ఇంకా పూర్తికాలేదు. టెక్సస్‌లో 2008 నాటి ఐక్ హరికేన్ తరవాత పుట్టిన భారీ అడ్డుగోడ ఆలోచనకు 2022 డిసెంబరులో అనుమతి దొరికింది.

నెదర్లాండ్స్‌లో 1953 ఫిబ్రవరి 1 వరదకు 1,836 మంది బలయ్యారు. 1958లో డెల్టా చట్టం చేశారు. రోటర్‌డామ్ దగ్గర ఆఖరి పెద్ద అడ్డుగేటు 1997లో వాడకంలోకి వచ్చింది. వాళ్లకూ దశాబ్దాలే పట్టాయి. అయితే ఎంత తీవ్రత దాకా కాపాడాలన్న ప్రమాణాన్ని అక్కడ ముందే ప్రభుత్వం కట్టుబడేలా తేల్చారు, అందుకే ప్రభుత్వాలు మారినా పని ఆగలేదు.

తీరం లేని చోట

ఈ మంజూరులన్నీ సముద్రపు ఒడ్డు నుంచి కొలిచే గీత లోపలే ఆగుతాయి. తుపాను అక్కడ ఆగదు. తీరం దాటాక గాలి తగ్గి వాయుగుండంగా మారి, ఆ నీటినంతా తెలంగాణ మీద దింపడం మామూలే. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటింది. విజయవాడలో బుడమేరు పొంగిన ఆ రోజే మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటితే, మర్నాటి కుండపోత ఉమ్మడి వరంగల్ జిల్లాను ముంచింది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీద నీళ్లు నిలిచాయి. అంతకు ముందు 2023 జులైలో అల్పపీడనపు వానకే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరంతా వాగులో మునిగింది.

ఉదాహరణకు, 2016లో మండలమైన జనగామ జిల్లా తరిగొప్పుల తీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. మెట్ట సీమ, చెరువుల ఆసరా. అక్కడ తుపాను రక్షణ అంటే చెరువు కట్ట, అలుగు, తూము, వాగు మీద కల్వర్టు. కరువు సీమ లెక్కలతో కట్టిన అలుగు ఒక్క రాత్రి పడే పాతిక సెంటీమీటర్ల వానను వదలలేదు. కట్ట తెగితే కింది చెరువూ తెగుతుంది, గొలుసుకట్టు చెరువుల సంగతి కాకతీయుల నాటి నుంచీ ఇదే. 2011లో జాతీయ తుపాను పథకం మంజూరైనప్పుడు ఈ ప్రాంతం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది, పథకం మాత్రం తీర జిల్లాలకే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు ఆ జాబితాలో చోటే లేదు. 2024 వరదల తరవాత ఆ ఏడాది అక్టోబరులో కేంద్రం 14 రాష్ట్రాలకు రూ.5,858.60 కోట్లు విడుదల చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,036 కోట్లు, తెలంగాణకు రూ.416.80 కోట్లు వచ్చాయి. అది సహాయ నిధి. అలుగు వెడల్పు చేయడానికి, తూము మార్చడానికి తరిగొప్పుల వంటి మండలాలు నీటిపారుదల శాఖ అంచనాల కోసం, రాష్ట్ర విపత్తు నిధుల్లో ముప్పు తగ్గింపునకు కేటాయించిన వాటా కోసం చూడాలి.